బొమ్మల మొహాన లక్కముద్ర

ఖర నామ సంవత్సరం, మాఘ శుద్ధ దశమి, బుధవారం. ఆకాశంలో మబ్బుతునక లేదు, ఓడలకు అనుకూలమైన గాలి వీస్తోంది. తోలుబొమ్మలాట వీరోజి సముద్రం అవతలి దీవిలో ఆట ఆడడానికి తెరలు, దీపాలు, బొమ్మల పెట్టెలతో రేవుకు చేరాడు. రాముడి పెట్టె వేరు, రావణుడి పెట్టె వేరు. వాళ్లిద్దరినీ ఒకే పెట్టెలో పడుకోబెట్టరు. ఎందుకంటే... అదో పెద్ద కథ, ఇప్పుడు వద్దు.

రేవు సుంకరి పేర్రాజు పెట్టెలు తెరిపించాడు. "రేవు దాటేదంతా అమ్మకపు సరుకే. ప్రతి బొమ్మ మొహాన లక్కముద్ర పడాల్సిందే!"

కాగిన లక్క పడితే పల్చటి తోలు ముడుచుకుపోతుంది, ఇక ఆ బొమ్మ తెరకు పనికిరాదు.

"అమ్మడానికి కాదు దొరా, ఆడించి మళ్లీ తెచ్చుకుంటాం."

"అందరూ చెప్పేదే. ముద్ర లేనిదేదీ ఓడెక్కదు!"

"తమ చిత్తం. అయితే దీనితో మొదలుపెట్టండి," అంటూ వీరోజి అడుగునుంచి కొత్త బొమ్మ తీశాడు. కిరీటం, కోరమీసం, బుగ్గన పుట్టుమచ్చ. సాక్షాత్తూ రాజుగారే! దీవిలో తన పట్టాభిషేకం ఆడి చూపమని ఆయనే చేయించిన బొమ్మ.

ముద్ర ఎత్తిన పేర్రాజు చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"వేయండి దొరా. మీ ప్రభువు అమ్మకానికొచ్చాడా అని అక్కడెవరైనా అడిగితే, పేర్రాజుగారే తేల్చారని చెబుతాను."

"ఛీ ఛీ, నోరు ముయ్యి! ఇది సరుకేమిటి?"

"మరి ఆయనతో కలిసి ఆడేవాళ్లు సరుకెలా అవుతారు?"

పేర్రాజు దగ్గరుండి పెట్టెలన్నీ ఓడెక్కించాడు. వీరోజి తర్వాత ఆ బొమ్మలు కూతురు ఎల్లూబాయికి, తెరలు అల్లుడికి, మద్దెల తమ్ముడికి దక్కాయి. రేవులో జరిగిన సంగతి రాజుగారి చెవిన పడ్డాక, పేర్రాజు కొడుక్కి మాత్రం తండ్రి కొలువు కూడా దక్కలేదు.