మూడో పాఠం ఎగ్గొట్టిన అడవిపంది

అనగనగా ఒక అడవిలో, ఒక కొండవాలు మీద బూరయ్య అనే ముసలి అడవిపంది ఉండేవాడు. అతని కూతురు సింగికి నెలలు నిండాయి. వానలు దగ్గర పడ్డాయి. కిందటేడు గుహలోకి నీళ్లొచ్చి సింగి తొలి కాన్పు పిల్లలు దక్కలేదు. ఈసారి కాన్పు పొడినేల మీదే జరగాలని బూరయ్య పట్టు పట్టాడు.

నేలకు వాలు తీయడంలో వాగొడ్డున ఉండే ఎండ్రకాయకు మంచి పేరు. బూరయ్య దాని దగ్గర పాఠానికి కూర్చున్నాడు. పుట్టుకతో మట్టి తవ్వినవాడికి, అడ్డంగా నడిచే జీవి దగ్గర చదువేమిటని లోలోపల చిన్నతనమే. అయినా కూతురి కోసం ఓర్చుకున్నాడు.

మొదటి రోజు ఎండ్రకాయ, గుహ ముందు నేల పళ్లెంలా చదునుగా ఉండకూడదని, గడప దగ్గర ఎత్తుగా మొదలై పోనుపోను దిగాలని చెప్పింది. బూరయ్య అలాగే చేశాడు. రెండో రోజు, కొండ మీది నీరు గుహను తాకకముందే పక్కకు మళ్లేలా ఎగువన కాలువ తవ్వమంది. అదీ తవ్వాడు.

మూడో రోజు ఎండ్రకాయ, "ఇంతకీ ఆ నీరు చివరికి ఎక్కడికి పోతుందో, ఆ దారి వెంట నడిచి చూసి రా" అంది.

"నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. దానికి దారి నేను చూపాలా పంతులూ?" అని బూరయ్య లేచిపోయాడు. మూడు రోజుల చదువు రెండు రోజుల్లో ముగించాడని అడవంతా మెచ్చుకుంది కూడా.

వాన వచ్చింది. నీరు గుహను తాకకుండా కాలువలో పరుగులు తీసింది. లోపల దుమ్ము కూడా తడవలేదు. బూరయ్య కోరలు పైకెత్తి మురిశాడు. నీరు పల్లాన్ని సరిగ్గానే ఎరిగింది. ఆ పల్లంలో ముళ్లపంది సూరమ్మ బొరియ ఉంది.

కాసేపటికి సూరమ్మ, మొగుడు, అత్త, నలుగురు పిల్లలు తడిసి ముద్దయి పైకి వచ్చారు.

"అన్నా, ఈ కొండ మీద పొడిగా ఉన్నది నీ ఇల్లొక్కటే. ఎంత చక్కగా కట్టావు" అంటూ సూరమ్మ లోపలికి నడిచింది.

ఏడుగురూ ఒళ్లు విదిలించి ముళ్లు ఆరబెట్టుకున్నారు. ఆ ముళ్లకు గుహ సరిపోయింది. బూరయ్యకూ సింగికీ చోటు మిగల్లేదు. పొమ్మనడానికి బూరయ్యకు నోరు రాలేదు. నెట్టడానికి ఒళ్లు ఒప్పుకోలేదు.

సింగి బయట బురదలోనే అయిదుగురిని కన్నది. పిల్లలు చలికి వణుకుతుంటే బూరయ్య వానలోనే పరుగెత్తి, సూరమ్మ బొరియ పక్కనుంచి వాగు దాకా కాలువ తవ్వాడు. పొడినేలలో అది ఒక పూట పని. బురదలో రెండు రోజులు పట్టింది. బొరియ ఆరింది, సూరమ్మ వాళ్లు దిగి వెళ్లారు, సింగి గుహలోకి చేరింది. అప్పటికి ముగ్గురు పిల్లలే మిగిలారు.

ఎండ్రకాయ వచ్చి ఆ కాలువ వెంట వాగు దాకా నడిచి చూసింది. మూడో పాఠం కూడా బాగానే వచ్చిందంది.

నీతి: తన గడప దాటిన నీరు ఎవరి గడపలోకి పోతుందో చూడనివాడికి, తన పొడి ఇల్లు కూడా దక్కదు.