బిళ్ళగన్నేరు రాకుమారి

అనగనగనగా, కొండలు ఇంకా ఎదుగుతున్న రోజుల్లో, రత్నవాటిక అనే రాజ్యానికి ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయధీరుడు, నడిపివాడు రణధీరుడు, చిన్నవాడు కువలయుడు. పెద్దవాళ్ళిద్దరికీ మంచి మంచి గుర్రాలున్నాయి. చిన్నవాడికి ఒక మచ్చల మేక ఉంది. ఆ మేక మాట్లాడుతుంది. మొదలుపెడితే ఆపదు, అదొక్కటే చిక్కు.

ఆ కాలంలోనే ధూమశిఖుడనే మాంత్రికుడు పొరుగు రాజు కూతురు వకుళమాలను ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల తన తోటలో ఆమెను బిళ్ళగన్నేరు మొక్కగా మార్చేసి, దేశదేశాల్లో చాటింపు వేయించాడు.

"నా తోటలో బిళ్ళగన్నేరుగా ఉన్న రాకుమారిని గుర్తుపట్టి ఏడు రోజుల్లో పూయించండి. నా ప్రాణమున్న చిలుక పంజరం తాళంచెవి ఇస్తాను. ఓడినవాడు రాయైపోతాడు. ముగ్గురు ఓడితే పిల్ల ఎప్పటికీ మొక్కే."

మాంత్రికులకు గర్వం ఎక్కువ కదా పిల్లలూ, అందుకే అలాంటి పందేలు కాస్తారు.

పెద్దవాడు వెళ్ళాడు. ఆ తోటలో వెయ్యి రకాల మొక్కలు, ఒక్కదానికీ పువ్వు లేదు. మబ్బులు నేలకి దిగి మొక్కల మధ్య మెల్లగా నడుస్తున్నాయి. అతను అన్నిటికంటే పొడుగ్గా ఉన్న గన్నేరును చూపించి రాయైపోయాడు. తర్వాత నడిపివాడు వెళ్ళాడు. ఆకులు నున్నగా మెరుస్తున్నాయని నందివర్ధనాన్ని చూపించి అతనూ రాయైపోయాడు.

ఇక మిగిలింది చిన్నవాడు. "నేను లేకుండా నువ్వెక్కడికెళ్తావ్?" అంటూ మేక ముందే పడవెక్కి కూర్చుంది. పాలరంగు సముద్రం దాటారు. తేనెరంగు సముద్రం దాటారు. చప్పుడే లేని సముద్రం దాటారు. మిగతా నాలుగూ నిద్రలో దాటేశారు.

తోటలోకి అడుగుపెట్టగానే మేక ఒక్కో మొక్క నుంచి ఒక్కో ఆకు కొరుక్కుంటూ పోయింది. చివరికి రెండింటి దగ్గర మూతి తిప్పుకుంది.

"ఈ రెండూ నేను ముట్టను. ఆకలితో చచ్చినా మా వాళ్ళెవరూ ముట్టరు. ఇందులో ఏది నీ పిల్లో నువ్వే చూసుకో."

కువలయుడు మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. ఒకదానికి కత్తుల్లాంటి పొడుగాటి ఆకులు, కణుపు కణుపుకీ మూడేసి. అది గన్నేరు. రెండోది మోకాలెత్తు కూడా లేదు. కోలగా ఉన్న చిన్న ఆకులు రెండేసి ఎదురెదురుగా ఉన్నాయి, ఆకు నడుమ తెల్లటి గీత. "ఇదే వకుళమాల" అన్నాడు.

మాంత్రికుడి మొహం మాడింది. "సరే, పూయించు చూద్దాం" అన్నాడు.

మొక్క చిత్తడి బురదలో నిలబడి ఉంది. అడుగు ఆకులు పసుపెక్కాయి.

"నేను తిరగని గుట్ట లేదు" అంది మేక. "దీన్ని రాతి సందుల్లో చూశాను, ఇసుకలో చూశాను. బురదలో మాత్రం ఎక్కడా చూడలేదు."

కువలయుడు ఉత్తరీయంలో ఒడ్డు ఇసుక మోసుకొచ్చాడు. బాగా ఎండ పడే చోట దిబ్బ పోశాడు. వేరు తెగకుండా మొక్కను అందులో నాటి, ఒక్క దోసెడు నీళ్ళు పోసి ఊరుకున్నాడు.

మొదటి రోజు మాంత్రికుడు బంగారు కడవతో నీళ్ళు తెచ్చాడు. "పాపం, పొయ్యి నాయనా" అన్నాడు. కువలయుడు ఇసుకలో వేలు గుచ్చి చూశాడు. లోపల చెమ్మ ఉంది. పొయ్యలేదు. మూడో రోజు మాంత్రికుడు వెండి కడవ తెచ్చాడు. కువలయుడు వేలు గుచ్చి చూశాడు, పొయ్యలేదు. ఆరో రోజు మాంత్రికుడు మట్టికుండ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆకులన్నీ వాలిపోయాయి. మొక్కలోంచి సన్నగా గొంతు వినిపించింది. "దాహం వేస్తోంది. కాసిని నీళ్ళు పొయ్యవా?"

అది మాంత్రికుడి మాయ కాదు, నిజంగా వకుళమాల గొంతే. కువలయుడి చెయ్యి కుండ మీదికి వెళ్ళింది. మళ్ళీ వేలు గుచ్చాడు. ఇంకా చెమ్మ ఉంది.

"పోస్తే వేరు కుళ్ళిపోతుంది వకుళా. ఈ ఒక్క పూటా ఓర్చుకో" అన్నాడు. అని కుండ దూరంగా పెట్టి, మొక్కకి నీడగా నిలబడి ఏడ్చాడు. ఎండ తగ్గేసరికి ఆకులు ఒక్కొక్కటే లేచాయి.

ఏడో ఉదయం మొగ్గ విచ్చింది. ఐదు గులాబీరంగు రేకులు, నడుమ కుంకుమ చుక్క. మబ్బులన్నీ చూడ్డానికి దగ్గరికొచ్చాయి. అవి తప్పుకునేసరికి మొక్క లేదు, వకుళమాల నిలబడి ఉంది.

మాంత్రికుడు పళ్ళు కొరుక్కుంటూ తాళంచెవి ఇచ్చాడు. కువలయుడు చిలుకను చంపలేదు, పంజరం తలుపు తీశాడంతే. చిలుక సముద్రం మీద ఎగిరిపోయింది, దాని వెనకే ధూమశిఖుడు పరుగు. ఇప్పటికీ తిరిగి రాలేదు. రాళ్ళైన అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుని లేచారు.

"నిన్న నిన్నెంత తిట్టుకున్నానో తెలుసా?" అంది వకుళమాల.

"తెలుసు."

"ఇప్పుడైనా నీళ్ళిస్తావా?"

కువలయుడు మట్టికుండ ఎత్తి ఆమె దోసిట్లో వంచాడు. కుండ ఖాళీ అయ్యేదాకా తాగింది.

తర్వాత పెళ్ళి జరిగింది. కొడుకులు లేని వకుళమాల తండ్రి తన రాజ్యాన్ని వాళ్ళకే ఇచ్చాడు. అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. ఆ అరవై ఏళ్ళలో ఒకరి మీద ఒకరు అలగలేదా అంటే, బోలెడుసార్లు అలిగారు. కానీ ఆమె దాహమంది అంటే చాలు, నిండు సభలో ఉన్నా రాజుగారు సింహాసనం దిగి తనే వెళ్ళి నీళ్ళు తెచ్చేవారు.