ఏ దేశం కింద రాయాలి

విధికుడు మెట్టనాడు గురించి ముప్పయ్యెనిమిది తాటాకులు రాశాడు. రేవునాడు గురించి రెండే రాశాడు.

ఆ రెండు దేశాల మధ్య పారే ఏటి నడుమ ఒక లంక ఉంది. అది ఏ రాజుదీ కాదు. అక్కడి ఆరామంలో ధర్మనంది అనే వృద్ధ భిక్షువు శిష్యుల చేత లోకకోశం రాయిస్తున్నాడు. తెలిసిన ప్రతి చెట్టూ, ప్రతి రోగమూ, ప్రతి దేశమూ అందులో ఉండాలని ఆయన కోరిక. ఈ రెండు దేశాల పనీ ఏరికోరి విధికుడికే అప్పగించాడు.

విధికుడిది మెట్టనాడు. పదేళ్ళ కిందట రేవునాడు సైనికులు ఏరు దాటి వచ్చి అతని ఊరు వెదురుపాడును తగలబెట్టారు. ఆ మంటల్లో అక్క పోయింది. ఆ తర్వాతే అతను లంకకు చేరి కాషాయం కట్టాడు.

రెండాకులు చూసి తోటి భిక్షువులు నొచ్చుకున్నారు. ఒక దేశానికి ఇంతేనా అన్నారు. "ఉన్నదే రాశాను. లేనిది ఎక్కడినుంచి తేను?" అన్నాడు విధికుడు. మాటా మాటా పెరిగి తగవు గురువు దగ్గరికి చేరింది.

ధర్మనంది ఆకులు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. రేవునాడు చవిటినేల, ఏమీ పండదు. మనుషులు కఠినులు. వెదురుపాడును కాల్చారు. అంతే.

"ఇందులో అబద్ధం ఒక్కటైనా ఉందా భంతే?" అని విధికుడు గురువును అడిగాడు.

"నాకేమీ కనబడలేదు."

విధికుడికి ధైర్యం వచ్చింది. "అయితే కోశంలో చేర్చెయ్యనా?"

గురువు ఆకులు తిరిగి అతని చేతిలో పెట్టాడు. "రేవునాడు వెళ్ళు. ఎవరో ఒక్కరికి ఇది చదివి వినిపించు. ఏం తీసెయ్యమంటే అది తీసెయ్యి. ఏం చేర్చమంటే అది చేర్చు."

"వాళ్ళు వెదురుపాడు సంగతి తీసెయ్యమంటారు."

"అంటే తీసెయ్యి."

విధికుడు ఆకులు సంచిలో కుక్కాడు. అక్క గురించి ఈ లోకంలో మిగిలిందల్లా ఆ ఒక్క వాక్యమే. దాన్ని కూడా గురువు వాళ్ళ చేతుల్లో పెట్టమంటున్నాడు. ఆ కోపంతోనే పడవెక్కాడు.

రెండు రోజులు నడిచాడు. నేల తెల్లబడుతూ వచ్చింది. మూడోనాటి పొద్దెక్కేసరికి ఉప్పుమడుల మధ్యకు చేరాడు. నాలుక పిడచకట్టింది. ఒక ముసలామె మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టి, కర్రపలకతో ఉప్పు గట్టుకు లాగుతోంది. అతన్ని చూసి పని ఆపి, ముంతతో నీళ్ళిచ్చింది.

"నిదానంగా తాగు సామీ. ఈ నీళ్ళు ఆమడ దూరం నుంచి మోసుకొస్తాం."

అతను అప్పటికే ముంత ఖాళీ చేశాడు. ముఖం చిన్నబోయింది. ఆమె ఖాళీ ముంత అందుకుంది. పేరు అడిగితే కన్నమ అని చెప్పింది. వచ్చిన పనేమిటో విని, "మా దేశం గురించా? చదువు, వింటాను," అని మళ్ళీ పలక అందుకుంది.

అతను చదివాడు. ఏమీ పండదన్న చోట ఆమె నవ్వింది. "ఉప్పు పండుతుందని రాయి సామీ. మీ కూరల్లో వేసుకునేది ఇక్కడిదే."

మనుషులు కఠినులన్న చోట, "ఎండకి అలా అవుతాం," అంది.

వెదురుపాడు పేరు వినగానే పలక ఆగిపోయింది.

విధికుడు గంటం గట్టిగా పట్టుకున్నాడు. "తీసెయ్యమంటావా అమ్మా?"

"అది నీ ఊరా?"

"మా అక్క అక్కడే కాలిపోయింది."

కన్నమ గట్టు మీద కూర్చుంది.

"మా ఇంటాయన ఆ దండులో వెళ్ళాడు నాయనా. తిరిగొచ్చాక ఇంట్లో పొయ్యి రాజేయనిచ్చేవాడు కాదు. నేను పక్కింట్లో వండుకొచ్చేదాన్ని. మూడేళ్ళు చల్లారిన కూడే తిన్నాడు. ఆ తర్వాత పోయాడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎందుకు తీసెయ్యడం? చేశారు కదా. ఉండనీ."

దారి పొడుగునా అతను సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ అక్కరకు రాలేదు. గంటం దించి అడిగాడు. "చేర్చాల్సింది ఏమైనా ఉందా?"

ఆమె చెయ్యెత్తి చూపించింది. ఉప్పుటేటి అవతల సగం కాలిన దూలాలు నాలుగు నిలబడి ఉన్నాయి. వాటి చుట్టూ తుమ్మ మొలిచింది.

"అది మా ఊరు, చేపలదిన్నె. మీ ఊరికంటే ఏడాది ముందే కాలింది. మీ దేశపోళ్ళే వచ్చారు."

"నాకు తెలీదు," అన్నాడు విధికుడు. వెంటనే కొత్త ఆకు తీశాడు. గంటం ఆనించబోతుంటే ఆమె అడ్డుపడింది.

"ఇందులో వద్దు నాయనా."

"ఎందుకమ్మా? నీ ఊరేగా?"

"ఊరు మాదే. ఆ పని మేం చేసింది కాదుగా! మా దేశం కింద ఎందుకు రాస్తావు? మీ దేశం కింద రాసుకో."

ఆ మాట అని, ఎండ ముదురుతోందని లేచి మళ్ళీ మడిలోకి దిగింది.

విధికుడు వెంటనే తిరిగి రాలేదు. వర్షాలు పడేదాకా ఆ దేశంలోనే తిరిగాడు. పడవలు కట్టేవాళ్ళ దగ్గర కూర్చున్నాడు, వాళ్ళ పెళ్ళిపాటలు విన్నాడు, ఏ గాలికి ఏ చేప వస్తుందో అడిగి తెలుసుకున్నాడు. లంకకు చేరేసరికి రేవునాడు ఆకులు ముప్పయ్యొకటి అయ్యాయి. వెదురుపాడు వాక్యం అలాగే ఉంది.

ఆ కట్ట గురువు ముందు పెట్టి, దాని పక్కన మెట్టనాడు కట్ట కూడా పెట్టాడు. అందులో ఒక ఆకు పెరిగింది.

ధర్మనంది ఆ ఒక్క ఆకే తీసి చదివాడు. "ఊరి పేరు సరిగ్గా రాశావా?"

"మూడుసార్లు చెప్పించుకున్నాను భంతే."

గురువు ఆకును కట్టలో పెట్టాడు. విధికుడు కదలలేదు. మనసులో ఉన్నది ఆఖరికి బయటపెట్టాడు.

"మన ఆరామానికి ధాన్యం పంపేది మెట్టనాడు రాజు. ఇది చదివితే ఆపేస్తాడేమో."

"ఆపేస్తాడు," అన్నాడు ధర్మనంది. "అప్పుడు భిక్షకు ఏటి అవతలికి పోదాం. దారి నీకు తెలుసుగా."

విధికుడు వంగి ఆయన పాదాలు తాకాడు. తర్వాత రెండు కట్టలూ ఎత్తుకుని కోశం ఉన్న గదివైపు నడిచాడు.