తెడ్డు పందెం కట్టిన గవరయ్య

దగ్గరికి జరగండర్రా, ఆ దుప్పటి చివర నా కాళ్ళ మీద కూడా వెయ్యండి. మీ చిన్న మావయ్య సూరిబాబు అరుగు మీద ఫోనులో క్రికెట్ చూసుకుంటున్నాడు. వాణ్ణి పిలవకండి, పిలిచినా పలకడు. ఊ కొట్టడం మానేస్తే కథ అక్కడితో ఆపేస్తాను, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇవతల ఒక ఊరు, ఊరికో రేవు, రేవులో ఒక పడవ, పడవలో గవరయ్య. జనాన్ని దాటిస్తాడు, ఖాళీగా ఉంటే వల వేస్తాడు. పెళ్ళాం నూకాలు పురిటికని అవతలి ఒడ్డున పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో ఇక గవరయ్యా, గంజికుండా. పొద్దు వాలితే పలకరించే మనిషి లేడు. తిన్నావా గవరయ్యా అని తనే అడుక్కుని, తిన్నానని తనే చెప్పుకునేవాడట. నవ్వకండి. ఒక్కళ్ళే ఉంటే అలాగే అవుతుంది, నాకు తెలుసు.

ఒకనాడు పడవలో ఎవరో వదిలేసిన అద్దం దొరికింది. అరచేయంత నల్లద్దం. అందులో ఒక దయ్యం. ఏం గవరయ్యా, ఒక్కడివేనా, అంది. ఎన్నాళ్ళకో పేరు పెట్టి పిలిచారు కదా, వాడికి భయం వెయ్యలేదు సరికదా, ఏడుపొచ్చింది.

దయ్యం అద్దంలో ఎక్కడో దూరదేశపు పొట్టేళ్ళ పోరు చూపించింది. నల్లది గెలుస్తుందా తెల్లది గెలుస్తుందా, ఒక్క చేప పందెం కట్టు చాలంది. కట్టాడు, గెలిచాడు, రెండు చేపలొచ్చాయి. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాడు. ఊ కొడుతున్నారా? ఆఁ.

మర్నాడు ఆ చేపలు పోయాయి. చేపల కోసం బుట్ట కట్టాడు, బుట్ట పోయింది. బుట్ట కోసం వల కట్టాడు, వల పోయింది. వల కోసం తెడ్డు కట్టాడు, తెడ్డూ పోయింది. పోయినప్పుడల్లా దయ్యం, అయ్యో వెంట్రుకవాసిలో తప్పింది గవరయ్యా, ఈసారి నీదే అనేది. తెడ్డేదిరా అని ఊళ్ళోవాళ్ళు అడిగితే, బాగుచెయ్యడానికి వడ్రంగికిచ్చాననేవాడు. ఆ అబద్ధం చెప్పాక మనుషుల మొహం చూడలేక రేవులోంచి లేచి ఇంటికి వెళ్ళడమే మానేశాడు. ఒంటరితనం పోగొట్టుకుందామని అద్దం పట్టుకున్నవాడు, ఇంకా ఒంటరివాడయ్యాడు.

ఇంతలో నూకాలు నెలల బిడ్డనెత్తుకుని అవతలి ఇసకదిబ్బ మీదికొచ్చింది. అప్పుడే పైన వానలు పడి ఎర్రనీళ్ళు దిగుతున్నాయి. ఓ పడవో, అని కేకేసింది. నీళ్ళు దిబ్బ చుట్టూ తిరిగి వెనక దారి మూసేశాయి. ఓ పడవో, అని మళ్ళీ కేకేసింది. మొగుడి పేరు చెప్తే ఆయుష్షు తగ్గుతుందనేవారు ఆ రోజుల్లో, అందుకని పేరు పెట్టి పిలవలేదు పిచ్చిది.

ఇక్కడ గవరయ్యకి ఆ కేక వినపడకపోలేదు. ఎవరో బాటసారిలే, ఆగుతాడులే అనుకున్నాడు. దయ్యం ఇక పడవనే పందెం కట్టమంటోంది. ఒక్కటంటే ఒక్క పోరు, పోయినవన్నీ తిరిగొచ్చేస్తాయంటోంది. వాడి చెయ్యి పడవ మోకు మీదే ఉంది. సరేనందామని నోరు తెరిచాడు.

నీళ్ళు మోకాలు దాటాయి నూకాలుకి. బిడ్డని భుజానికెత్తుకుని, కళ్ళు మూసుకుని, గవరయ్యా అని అరిచింది.

అద్దంలోంచి కాదు, ఏటి మీంచి వచ్చిందా పిలుపు. అద్దం పడవలో పడేసి, తెడ్డు లేదుగా, రేవు పందిట్లో వెదురుగడ పీక్కుని, పడవ తోసుకుంటూ, ఏడుస్తూ పోయి ఇద్దర్నీ ఎక్కించుకున్నాడు. దారిలో అడగకుండానే అంతా చెప్పేశాడు.

నూకాలు తిట్టలేదు. నువ్వు గెలిచిన చేపలు దయ్యం ఎక్కడ పట్టిందని అడిగింది. దయ్యాలు వల వేస్తాయా? నీలాంటి ఒంటిగాడు ఇంకో రేవులో ఓడినవేగా అంది. నీ తెడ్డు కూడా ఇంకోడికి ఆశ చూపెట్టడానికే పోయుంటుంది, పొట్టేళ్ళలో ఏది గెలిచినా దయ్యానికి పోయిందేముంది అంది. గవరయ్య అద్దాన్ని నడి ఏట్లో వేసేశాడు. ఊళ్ళోవాళ్ళకి నిజం చెప్పి తలొంచుకుంటే, వాళ్ళు నాలుగు చీవాట్లు పెట్టి, కొత్త తెడ్డు చెక్కించి ఇచ్చారు.

దయ్యం ఊరుకుందా? ఊరుకోలేదు. పొద్దు వాలే వేళ నీళ్ళ అడుగునుంచి, ఏం గవరయ్యా, ఒక్కడివేనా, అనేది. అప్పుడు వాడు నూకాలు దగ్గరికెళ్ళి, అది మళ్ళీ పిలుస్తోందే అనేవాడు. ఊ, అనేది నూకాలు, వాడి కంచం దగ్గర కూర్చుని. అంతే, ఆ పూట గడిచిపోయేది. అలా పూటపూటా గడుపుకుంటూ పిల్లాపాపలతో చల్లగా బతికారు.

పోయిందేదో పోయిందనుకున్నవాడు ఒడ్డునుంటాడు, దాని వెంట దిగినవాడు మునుగుతాడు. అదర్రా కథ.

నిద్రపోయారా? అందరూ నిద్రపోయారూ. మరి ఇందాకణ్ణుంచి ఊ కొడుతున్నదెవరు?

సూరీ. బండి రిపేరుకిచ్చానని చెప్పి మూణ్ణెల్లయింది, నేనడగలేదు. ఆ ఫోను నిన్ను పేరు పెట్టి పిలుస్తుందని కూడా తెలుసు. నేనూ పిలుస్తున్నాను. కథేమో కంచికెళ్ళిపోయింది నాయనా, మనం ఇంట్లోనే ఉన్నాం. అరుగు దిగి లోపలికి రా. ఎంత పోయిందో రేపు చెబుదువుగాని, ముందు అన్నం తిను.