ముడుగుల కోనలో అమ్మ వెలసిన వైనం

ముడుగుల కోనకు బస్సు రాదు. తారురోడ్డు ఎండిన ఏటి దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి భక్తులు రాళ్ల దారిన నడిచి, మూడు పక్కలా కొండలు కమ్మిన ఈ చోటికి చేరుకోవాలి. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. చిన్న రాతి గుడి చుట్టూ నేలంతా అత్తిపత్తి పరచుకొని ఉంటుంది. కాలు తగిలితే చాలు, దాని ఆకులు జంటలు జంటలుగా మూసుకొని, కాడతో సహా వాలిపోతాయి. ఇలా ముడుచుకోవడాన్ని ఇక్కడివారు ముడుగు అంటారు. అమ్మకు ముడుగులమ్మ అన్న పేరు అందువల్లనే వచ్చింది.

పూర్వం ఈ కోనకు దిగువన ఒక గొల్లపల్లె ఉండేది. ఒక వేసవిలో పల్లెకు అమ్మవారు పోసింది. కాటమక్క అనే ఇల్లాలు భర్తను, ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొని, ముఖం నిండా మచ్చలతో, చూపు పోయిన ఎడమ కంటితో తానొక్కతే మిగిలింది. ఆమె తాకితే జబ్బు మళ్ళీ లేస్తుందని పల్లె భయపడింది. కొన్ని మేకలనిచ్చి ఆమెను ఈ కోనకు పంపివేసింది.

తమ్ముడు పెద్దయ్య మాత్రం రోజూ సంగటి తెచ్చి ఏటి ఒడ్డున బండ మీద పెట్టేవాడు. ఇంట్లో పసిబిడ్డలున్నవాడు. అక్క ఆత్రంగా ఎదురు వస్తే వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయేవాడు. ఒకనాడు ఆమె పరుగున వెళ్ళి అతని చేయి పట్టుకున్నది. పెద్దయ్య విదిలించుకొని పారిపోయాడు.

కాటమక్క ఏడుస్తూ నేల మీద చేయి ఆన్చగా, కిందనున్న ఆకులన్నీ ముడుచుకుపోయాయి.

“నువ్వు కూడానా తల్లీ” అన్నది.

వెళ్ళడానికి మరో చోటు లేక అక్కడే ఒరిగి నిద్రపోయింది. ఆ మధ్యాహ్నపు నిద్రలో, తనలాగే ముఖాన మచ్చలున్న ఒక స్త్రీ పక్కన కూర్చొని కనిపించింది.

“అది నిన్ను అసహ్యించుకోలేదు, బెదిరింది. బెదురు తీరేదాకా కదలకుండా కూర్చో” అని చెప్పింది.

కాటమక్క కన్ను తెరిచేసరికి, ఆకులు ఆమె చేతి పక్కనే ఒక్కొక్కటిగా విచ్చుకుంటున్నాయి.

ఆ తరువాత ఆమె తమ్మునికి ఎదురు వెళ్ళలేదు, కేక వేసి పిలవలేదు. బండకు ఎడంగా, కొండవైపు తిరిగి కూర్చునేది. అతడు వచ్చిన అలికిడి, పోయిన అలికిడి విని, అప్పుడు లేచి తినేది. వానాకాలాలు, ఎండాకాలాలు అలాగే గడిచాయి. ఎన్ని గడిచాయో చెప్పేవారు లేరు. మేకలతో తప్ప మాటలు లేక ఆమె గొంతే మారిపోయిందని అంటారు.

ఒక ముసురు రోజున పెద్దయ్య వచ్చిన అలికిడి వినబడింది గాని, పోయిన అలికిడి వినబడలేదు.

“జరుగక్కా, నేనూ కూర్చుంటా” అన్నాడు.

సంగటి ముద్దను ఆమె అరచేతిలో పెట్టబోయాడు. ఈసారి ఉలిక్కిపడి చేయి వెనక్కి తీసుకున్నది కాటమక్క. పెద్దయ్య ముద్దను అలాగే పట్టుకొని కూర్చున్నాడు. ఆమె మళ్ళీ చేయి చాచేసరికి ముద్ద వానకు తడిసిపోయింది. ఇద్దరూ దానినే పంచుకొని తిన్నారు.

కాటమక్క కాలం చేశాక, ఆమె కూర్చున్న చోట అత్తిపత్తి నడుమ అమ్మ రాతి రూపం పెద్దయ్యకు కనబడింది. అమ్మ చేతిలో ఆయుధాలు లేవు. ఒక అరచేయి మోకాలి మీద తెరిచి ఉంటుంది.

నేటికీ పూజ పెద్దయ్య వంశపు ఆడపడుచులే చేస్తారు. ఇక్కడ ప్రసాదాన్ని పైనుంచి వేయరు. సంగటిని భక్తుని అరచేతిలో పెట్టి, పూజారమ్మ తన చేతిని కొంతసేపు అక్కడే ఉంచుతుంది. జబ్బుపడి లేచినవారు, అయినవారు విడిచినవారు, అందరూ పోయి మిగిలినవారు ఎక్కువగా వస్తారు. చాలామంది ఒంటరిగా వచ్చి ఒంటరిగానే తిరిగి వెళతారు. ఎన్నాళ్ళుగానో ఎవరూ తాకని కొందరు చటుక్కున చేయి లాగేసుకుంటారు. వారిని తొందరపెట్టరాదు. వెనుక వరుస ఎంత దూరం సాగినా, వారు తిరిగి చేయి చాచేదాకా అందరూ మౌనంగా నిలబడతారు. అలా నిలబడినవారికీ అమ్మ దయ అంతే అందుతుందని పెద్దల మాట.