చెంగడి తోక

అనగనగా, పిల్లల అల్లరి పడలేక పిట్టలే వలసపోయిన ఒక అడవి. ఆ అడవిలో ఒక బడి. బడికి పంతులు ఎలుగుబంటి.

పంతులిది వింత పద్ధతి. ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పకూడదు. ముందు తోక చూపాలి. తెలిస్తే నిలువుగా, అనుమానముంటే అడ్డంగా, తెలియకపోతే కిందికి. పంతులి తోక మాత్రం బొచ్చులో కనబడదు, కనుక ఆయనకేం తెలియదో ఎవరికీ తెలియదు. పంతుళ్ళకది కలిసొచ్చే విషయమే లెండి.

కోతిపిల్ల చెంగడి తోక ఎప్పుడూ నిలువే. జవాబు తప్పయినా దిగదు. ఉడుతపిల్ల చిట్టెమ్మకు అన్నీ వచ్చు, కానీ భయంతో తోక నేలకే అంటించి ఉంచేది. ముంగిసపిల్ల మునెయ్య తోక మాత్రమే ప్రశ్నను బట్టి మారేది.

ఆ ఏడాది వానలకు తేనెపట్టులన్నీ కొట్టుకుపోయాయి. ఇక పుట్టగొడుగులే దిక్కు. వాటిలో మంచివీ ఉంటాయి, ప్రాణం తీసేవీ ఉంటాయి. బడిపిల్లలు ఏరుకొస్తే అందరికంటే ముందు పంతులు తిని చూపాలి. అది ఆ అడవి ఆచారం. పంతులు ఆలోచనలో పడ్డాడు. ఎవరి మాట నమ్మి నోట్లో పెట్టుకోవాలి?

"ఏరేవాళ్ళకు నేనే పెద్దనండి," అన్నాడు చెంగడు.

"చూద్దాం," అని పంతులు చిట్టెమ్మకు ఒక తెల్ల పుట్టగొడుగు చూపాడు. ఆమె తోక కిందికి దించింది.

"తెలియదా? పోనీ, తింటావా?"

"తింటానండి. రోజూ తినేది అదే."

"ఇంకా తెలియడమంటే ఏమిటే తల్లీ?" అన్నాడు పంతులు. చిట్టెమ్మ తోక మెల్లగా లేచింది.

మునెయ్యకు పసుపుపచ్చది చూపాడు. తోక అడ్డం. "తింటావా?"

"మా అమ్మమ్మనడిగి వచ్చాక తింటానండి."

ఇక చెంగడికి ఎర్రది చూపాడు. తోక నిటారుగా లేచింది. "మంచిదేనండి, నాదీ పూచీ."

"అయితే ముందు నువ్వు తిను నాయనా."

చెంగడు పుట్టగొడుగు వైపు చూశాడు. పంతులి వైపు చూశాడు. తోక కాస్త వంగింది. అడ్డమయింది. చివరికి నేల మీద వాలింది.

"ఇప్పుడే కడుపునిండా తిన్నానండి."

"కడుపు సంగతి కాదురా. తోక సంగతి చెప్పు."

"తెలీదండి," అన్నాడు చెంగడు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఆ మాట అనడం అదే మొదలు.

పంతులు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. మునెయ్యను పెద్దను చేసి, తక్కిన ఇద్దరినీ వెంట పంపాడు. అప్పట్నుంచీ తోక ఎత్తే ముందు చెంగడు "ఇది నేను తింటానా?" అని తనలో తాను గొణుక్కునేవాడు. ఆ ఏడంతా పంతులు నిశ్చింతగా తిని, ఇంకాస్త లావెక్కాడు.

కనుక పిల్లలూ, తెలుసని పదిమందికీ చెప్పే ముందు, నిజంగా తెలుసా అని మనల్ని మనమే అడిగి చూసుకోవాలి.