నేను మేసేసిన తీర్పు

నా చదువు సంగతి ముందే చెప్పేస్తే మంచిది. తరవాత మోసపోయామని మీరు అనకూడదు. నేను గాడిదను. పట్నంలో కోర్టు వెనకగోడ పక్కన, పాత కాయితాలు పారబోసే చోట మూడేళ్ళు మేశాను. సగం అరిగిపోయింది, పావు మరిచిపోయాను, మిగిలిన పావుతో మా వాగు గట్టున ప్లీడరునైపోయాను. పోటీకి ఎవరూ లేరు మరి.

వాగుకు ఇవతల మేం, ఊరి పశువులం. అవతల అడవి మృగాలు. నడుమ ఇసుక లంక, దానిమీద తాబేలు కూర్మయ్య ఒంటి కాపురం. మా పెద్ద ఆంబోతు మాట వాగు దాటితే చెల్లదు. వాళ్ళ పెద్ద ఏనుగు అంకమ్మ మాట ఇవతల చెల్లదు. అందుకని వెనకటి కరువులో రెండు గట్లవాళ్ళూ వాగులో కాళ్ళు పెట్టి ప్రమాణం చేశారు: ఇద్దరూ ఒప్పుకుని లంకలో తేల్చుకున్న తగువు ఏ గట్టునైనా చెల్లాలి, దాన్ని మళ్ళీ మొదటినుంచి విచారించకూడదు.

కిందటి చలికాలం అవతలిగట్టు నక్క జంబులింగం మా ఎద్దు సోమన్న దగ్గరికొచ్చాడు.

"మావా, నా దోసపాదుకు నేల దున్నిపెట్టు. ఎండాకాలమంతా మా మడుగు పక్క పచ్చిక మీ మంద మేసుకోవచ్చు."

"పేచీ వస్తేనో?" అన్నాడు సోమన్న. పదిసార్లు నెమరేస్తే గాని మాట బయటికి రాదు అతనికి.

"మీ ఆంబోతు దగ్గరికి నేను రాను, పొడుస్తాడు. మా అంకమ్మ దగ్గరికి నువ్వు రావు, భయం. లంకలో కూర్మయ్య ఏం చెబితే అదే ఆఖరు."

గుర్తుంచుకోండి, లంక మాట ఎత్తింది నక్కే.

సోమన్న పదిరోజులు దున్నాడు. దోసకాయలు కాశాయి, నక్క తిన్నాడు, త్రేన్చాడు. ఎండలు ముదిరాక సోమన్న మందతో వెళితే పచ్చిక చుట్టూ ముళ్ళకంప కొట్టి ఉంది. "ఏ పచ్చిక? ఏ మాట?" అన్నాడు జంబులింగం.

ఇవతల గడ్డి అప్పటికే పీచైపోయింది. మందలో ఏడు దూడలు. నిరుడు ఇలాంటి ఎండలోనే రెండు పోయాయి. సోమన్న వాటి పేర్లు ఇప్పటికీ ఎత్తడు.

లంకకు వెళ్ళాం. కూర్మయ్య నక్కకు కబురంపి, ఇద్దరినీ కూర్చోబెట్టి పూటంతా విన్నాడు. నక్క ఒక్కడే ముప్పాతిక పూట మాట్లాడాడు. వానలు పడేదాకా పచ్చిక మందదేనని తేల్చాడు కూర్మయ్య. రెండు తాటాకుల మీద ఒకవైపు దుక్కికీ పచ్చికకూ కుదిరిన ఒప్పందం, రెండోవైపు తీర్పు గీకి, రెంటిమీదా ఇద్దరి కాళ్ళూ అద్దించి, తలో ఆకూ ఇచ్చాడు.

జంబులింగం ఆకు చంకన పెట్టుకుని వాగు దాటి, అవతలినుంచి కేకేశాడు. "లంక తీర్పు లంకలోనే ఉంటుందిరా ప్లీడరూ! ఇక్కడ కంప కంపే!"

"ఇప్పుడేం చేద్దాం తమ్ముడూ?" అన్నాడు సోమన్న.

"అంకమ్మ దగ్గరికే పోదాం. ఆకు చూపిస్తే చాలు," అన్నాను. ఆకు నా మెళ్ళో కట్టమన్నాను కూడా, ప్లీడరుకు నిండుగా ఉంటుందని.

తెల్లారి అడవికి చేరాం. అంకమ్మ స్నానానికెళ్ళింది, ఉండమన్నారు. ఉన్నాం. చుట్టూ తోడేళ్ళు, ఎలుగులు, ఒక చిరుతపులి ఆవలింత. నాకు భయమేస్తే దవడలు ఊరుకోవు. నోటికి అందింది నమిలితే గాని గుండె నిలబడదు. కోర్టు గోడ దగ్గర అబ్బిన అలవాటు. ఏదో నములుతున్నాను, పీచు పీచుగా బాగానే ఉంది, కాస్త ధైర్యం కూడా వచ్చింది.

ఈలోగా అంకమ్మ వచ్చింది. నక్కను పిలిపించింది.

"ఏం జంబులింగం, లంకలో తీర్పయిందట?"

"తీర్పా, పెద్దమ్మా? నన్నెవరు పిలిచారు? ఈ ఏడు నేను లంక మొహమే చూడలేదు. వీళ్ళిద్దరూ వండుకొచ్చిన కథ!"

అంకమ్మ నావైపు తిరిగింది. "ఆకేదయ్యా?"

మెడ తడుముకున్నాను. తాడుంది. తాడు చివర ఒక ఈనె ఉంది.

"తమ్ముడూ," అన్నాడు సోమన్న, మెల్లిగా, "అది... తినేశావా?"

అడవంతా ఘొల్లుమంది. నక్క నేలమీద పడి దొర్లాడు. "పెద్దమ్మా, తీర్పు కావాలంటే రేపు పొద్దున దాకా ఆగాలి, వీడి వెనకాల!"

అంకమ్మ నవ్వలేదు. "ఆకు లేకుండా నేను కంప పీకించలేను, సోమన్నా. మళ్ళీ లంకకెళ్ళి రాయించుకు రా."

"కూర్మయ్య ఎండలకు తాళలేక సముద్రం దారి పట్టాడమ్మా. వానలకు గాని రాడు," అన్నాడు సోమన్న. వానలదాకా ఏడు దూడలూ ఉండవని అనలేదు. అనక్కర్లేదు.

అంకమ్మ లేవబోయింది. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు నేనన్న మాటను తరవాత మా గట్టున అందరూ ప్లీడరు ఎత్తుగడ అన్నారు, నేనూ కాదనలేదు. కాని మీ దగ్గర దాపరికమెందుకు? సోమన్నను ఓదార్చడానికి నోటికొచ్చింది వాగానంతే.

"పోనీలే అన్నా! పచ్చిక పోతే పోయింది. జంబులింగానికి లంకలో నోరు పెగల్లేదని, నీళ్ళు నమిలాడని కూర్మయ్య రాశాడు చూడు, ఆ పరువు పోవడం చాలదూ?"

నక్క దొర్లడం ఆపాడు.

"ఏమిటీ? నాకు నోరు పెగల్లేదా?"

"అలాగే రాశాడు," అన్నాను ముక్కు ఎగబీలుస్తూ. నిజానికి ఏం రాశాడో నేను చదవలేదు. రుచే తెలుసు.

"ఒరే అడ్డగాడిదా! ముప్పాతిక పూట మాట్లాడాను! తాబేలు రెండుసార్లు కునుకు తీసింది నా మాటలకి! అలాంటి రాతే లేదు, ఉండు!" పొదలోకి దూకి, తాటాకుతో బయటికొచ్చాడు. "చూడు పెద్దమ్మా, నీ కళ్ళతో చూడు! ఎక్కడుంది ఆ మాట?"

అంకమ్మ తొండంతో ఆకు అందుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"లేదు," అంది.

"చూశావా!"

"ఆ మాట లేదు గాని, తీర్పుంది. కూర్మయ్య గోటి గుర్తుంది. ఈ కింద గిట్ట సోమన్నది. ఈ పంజా ఎవరిదిరా?"

నక్క తన పంజావైపు చూసుకుని వెనక్కి దాచుకున్నాడు.

"అంటే... పెద్దమ్మా... ఆ తీర్పు తప్పు. వీడు దున్నిన సాళ్ళు వంకర. విచారించండి, నేను మొదటినుంచి..."

"సాళ్ళు వంకరో కాదో నేను చూడను. చూడనని వాగులో నిలబడి ప్రమాణం చేశాను. నేను అడిగేవి నాలుగే. పిలిచారా?"

"...పిలిచారు."

"చెప్పుకోనిచ్చారా? ముప్పాతిక పూటని నువ్వే అన్నావు. కూర్మయ్య అడగని సంగతేమైనా తేల్చాడా?"

"పచ్చిక సంగతే."

"మన అడవి మర్యాదకు విరుద్ధంగా ఏమన్నా ఉందా?"

జంబులింగం ఛాతీ విరిచాడు. "ఉంది! మన గడ్డి పరాయి గట్టు పశువులకా?"

"నువ్వు దున్నించుకున్నప్పుడు పరాయి ఎద్దు కాదూ? పని చేయించుకుని మాట తప్పడం మన అడవి మర్యాదని రేపు ఊరి గట్టువాళ్ళు అనుకుంటే, మనవాడి తగువు వాళ్ళ గట్టున ఎవడు వింటాడు?"

అంకమ్మ ఎవరినీ పంపలేదు. తనే నడిచి వెళ్ళి ముళ్ళకంప తొండంతో ఎత్తి వాగులో పారేసింది. అది లంక పక్కనుంచే కొట్టుకుపోయింది.

ఆ సాయంత్రం ఏడు దూడలూ పచ్చికలో మోకాళ్ళదాకా దిగబడి మేస్తుంటే సోమన్న గట్టుమీద కూలబడి పెద్ద నిట్టూర్పు విడిచాడు. ఆ ఊపిరి ఎండాకాలం మొదట్లో బిగబట్టింది.

"తమ్ముడూ, నువ్వూ దిగి మెయ్యి," అన్నాడు.

"వద్దన్నా. పొద్దున తిన్న తీర్పే ఇంకా అరగలేదు."

జంబులింగం ఆకు ఇప్పుడు సోమన్న కొమ్ముకు వేలాడుతోంది. నా నోటికి అందనంత ఎత్తులో, నేనే కట్టించాను.

నీతి: ఇద్దరూ కలిసి ఎంచుకున్న పెద్ద చెప్పిన మాటకు గట్టు అడ్డం రాదు, ఎందుకంటే ఓడినవాడు నోరు మూసుకుని కూర్చోలేడు.